జనం కోపం తాళం మీద కాదు

లాక్‌డౌన్ రోజుల గురించి హైదరాబాద్‌లో ఇప్పటికీ రెండు కథలు వినిపిస్తాయి. మన జనానికి క్రమశిక్షణ లేదు, లాఠీ లేకపోతే ఒక్కరూ ఇంట్లో కూర్చునేవారు కాదు అనేది ఒకటి. జనం ఎంతో ఓర్పుగా సహకరించారు, చప్పట్లు కొట్టారు, దీపాలు పెట్టారు అనేది మరొకటి. మొదటిది కూడలిలో నిలబడి చెప్పే కథ, రెండోది సన్మాన సభలో చెప్పే కథ. నాకు రెండూ మింగుడు పడవు. 2020లో ఈ నగరం చాలా వదులుకుంది, పెద్దగా నోరెత్తకుండానే వదులుకుంది. నోరెత్తిన చోట మాత్రం ఆ కోపం తలుపులు మూసినందుకు వచ్చింది కాదు. మూస్తున్నామని ముందుగా ఒక్క మాట చెప్పనందుకు, మూశాక తమ గతి ఏమిటో ఎవరూ ఆలోచించనందుకు వచ్చింది. ఈ తేడా చిన్నదేమీ కాదని నా వాదన.

మొదట తేదీలు చూద్దాం. తెలంగాణలో తొలి కరోనా కేసు మార్చి 2న బయటపడింది. దుబాయ్ వెళ్లి బెంగళూరు మీదుగా వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి గాంధీ ఆసుపత్రిలో చికిత్స చేశారు. మార్చి 22న జనతా కర్ఫ్యూ. దేశమంతా ఉదయం ఏడు నుంచి రాత్రి తొమ్మిది వరకు అనుకుంటే, మన రాష్ట్రం ఇరవై నాలుగు గంటలు పాటించింది. ఆ సాయంత్రమే నెలాఖరు దాకా రాష్ట్రంలో లాక్‌డౌన్ అన్నారు. 24వ తేదీ రాత్రి ఎనిమిదింటికి ప్రధాని టీవీలో కనిపించి, అర్ధరాత్రి నుంచి దేశమంతా ఇరవై ఒక్క రోజులు అన్నారు. నాలుగు గంటల వ్యవధి.

జనం ఒప్పుకున్నారా? ఒప్పుకున్నారు. మా విద్యానగర్ వీధిలో ఆ వారం కుక్కల అరుపులు తప్ప మరేమీ వినిపించలేదు. అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు విలేకరుల సమావేశం పెడుతున్నారంటే చాలు, ఇంటిల్లిపాదీ టీవీ ముందు చేరేది. ఆయన రాజకీయాలు నచ్చనివారు కూడా చూసేవారు. గంటల తరబడి మనకు అర్థమయ్యే తెలుగులో, మధ్యమధ్య చలోక్తులతో, బియ్యం లెక్కలు, మందుల లెక్కలు చెప్పేవారు. తెల్ల రేషన్ కార్డుంటే మనిషికి పన్నెండు కిలోల బియ్యం, కుటుంబానికి పదిహేను వందల రూపాయలు. వలస కూలీలకైతే పన్నెండు కిలోల బియ్యం, ఐదు వందల రూపాయలు. ఎవరో తమతో మాట్లాడుతున్నారు అనిపిస్తే జనం సగం కష్టం మోసేస్తారు. ఆ సమావేశాల వల్ల జరిగిన మేలు ఇదేనని నా నమ్మకం.

అదే నోటి నుంచి మార్చి 24న మరో మాట కూడా వచ్చింది. మాట వినకపోతే ఇరవై నాలుగు గంటల కర్ఫ్యూ పెట్టాల్సి వస్తుందని, సైన్యాన్ని పిలవాల్సి వస్తుందని, అవసరమైతే కనిపిస్తే కాల్చివేత ఉత్తర్వులు ఇవ్వాల్సి వస్తుందని అన్నారు. మా అపార్ట్‌మెంట్‌లో ఆ మాటకు బాగా మెప్పు దొరికింది. అలా అంటేనే వింటారండీ మనవాళ్లు, అన్నారు పై అంతస్తు పెద్దమనిషి. మనవాళ్లు అన్నారే గాని, అందులో తనను కలుపుకోలేదు. ఆయన ఫ్రిజ్ నిండా కూరగాయలున్నాయి.

ఆ మరుసటి రోజు ఉగాది. ఆ రోజు జరిగింది తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అమీర్‌పేట, ఎస్సార్ నగర్, కూకట్‌పల్లి, మాదాపూర్ వైపు హాస్టళ్లలో వేలాది మంది ఉంటారు. కోచింగ్ కోసం వచ్చినవారు, ఉద్యోగం వెతుక్కుంటున్నవారు, కొత్తగా ఉద్యోగంలో చేరినవారు. చాలా హాస్టళ్ల యజమానులు ఖాళీ చేయమన్నారు. వంటమనుషులు వెళ్లిపోయారు, సరుకులు దొరకవు, ఎవరికైనా జబ్బు వస్తే మా మీదకు వస్తుంది అన్నది వారి మాట. అందులో పూర్తిగా అబద్ధమూ లేదు. పిల్లలు పోలీసు స్టేషన్లకు పరుగెత్తారు. సొంత ఊరు వెళ్లడానికి అభ్యంతరం లేదని పోలీసులు కాగితాలు రాసి ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ కాగితాల కోసం స్టేషన్ల ముందు వరసలు కట్టారు. దూరం పాటించమని చెప్పిన రోజునే, మనిషి మీద మనిషి పడేంత వరసలు! కాగితం దొరికినవారు మోటారు సైకిళ్ల మీద, అద్దె కార్లలో విజయవాడ రోడ్డు పట్టారు. జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టులో ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఆపేశారు. తెలంగాణ పోలీసు ఇచ్చిన కాగితం ఆంధ్ర పోలీసుకు చిత్తు కాగితమైంది. ఇక్కడ ఉండమనేవారు లేరు, అక్కడ రమ్మనేవారు లేరు. ఆడపిల్లలు కూడా ఆ రోడ్డు మీద గంటల కొద్దీ నిలబడ్డారు. ఆ తర్వాత గాని హాస్టళ్లు మూయడానికి వీల్లేదని, ఆ కాగితాలు చెల్లవని ఇక్కడ ప్రకటన రాలేదు.

ఆ రోజు గరికపాడులో గొంతెత్తినవారిని టీవీలో చూసి బాధ్యత లేని కుర్రకారు అన్నవారిని నేను ఎరుగుదును. బాధ్యత ఎవరిది? తొలి కేసుకూ ఉగాదికీ మధ్య మూడు వారాలు గడిచాయి. నగరంలో ఎన్ని హాస్టళ్లున్నాయి, ఎందరుంటారు, మూస్తే వారు ఏమి తింటారు అని ఎవరైనా ఒక కాగితం మీద రాసుకుని ఉంటే చాలు. వైరస్ ముందస్తు నోటీసు ఇవ్వదన్నది నిజమే. హాస్టళ్లు మాత్రం రాత్రికి రాత్రి మొలిచినవి కావు కదా.

ఒప్పుకోలు అనేది ఎలా ఉంటుందో మా వీధి కిరాణా దుకాణం ముందు చూశాను. దుకాణదారు సున్నంతో గుండ్రాలు గీశాడు, గుండ్రానికీ గుండ్రానికీ రెండు బారల దూరం. మొదటి రోజు అందరూ బుద్ధిగా గుండ్రాల్లో నిలబడ్డారు. మూడో రోజుకు మనుషులు కనిపించలేదు. గుండ్రాల్లో చెప్పులు, సంచులు, ఒక ఇటుక, ఒక ఖాళీ నూనె డబ్బా. వాటి యజమానులంతా ఎదురింటి వేపచెట్టు నీడన ఒకచోట గుంపుగా చేరి కబుర్లు చెప్పుకుంటున్నారు. నవ్వు వచ్చిందా అంటే వచ్చింది. కాని, ఆ వరసలో ఒక్కరు కూడా మోసం చేయలేదు. హవాయి చెప్పు వంతు వస్తే ఆ చెప్పుగల ముసలావిడ లేచి వచ్చేది, ఆమె ముందుకు ఎవరూ దూరలేదు. ఒకసారి ఒక కుర్రాడు ఇటుకను పక్కకు తన్ని తన సంచి పెట్టాడు. వీధంతా వాడి మీద పడింది. అది ఎవరిదో తెలియదు, కానీ అది ఒకరి వంతు అని అందరికీ తెలుసు. ప్రభుత్వ నియమం ఎండకు కరిగిపోయింది, జనం తమకు తాము పెట్టుకున్న నియమం నిలబడింది. క్రమశిక్షణ లేని జనం గురించి ఎవరైనా ఉపన్యాసం మొదలుపెడితే నాకు ఆ ఇటుక గుర్తొస్తుంది.

మా అపార్ట్‌మెంట్ సంగతి మరోలా ఉండేది. లిఫ్టులో ఒక కాగితం అతికించారు. పనిమనుషులు రాకూడదు, పేపరు రాకూడదు, బయటి బంధువులు రాకూడదు. జీతాలు ఇవ్వాలా వద్దా అన్నది మాత్రం కాగితంలో లేదు, అది ఎవరి ఇష్టానికి వారికి వదిలేశారు. గ్యాస్ సిలిండర్లు, పాల ప్యాకెట్లు, మందులు అన్నీ వాచ్‌మన్ మోశాడు, అతని కుటుంబం కింద ఒక్క గదిలో ఉండేది. వారికి రెండు గజాల దూరం ఎలా కుదురుతుందని కాగితం రాసినవారు ఆలోచించినట్టు లేదు. ఏప్రిల్‌లో ఢిల్లీ మర్కజ్‌లో జరిగిన ముస్లింల మత సమావేశం నుంచి కరోనా పాకిందన్న వార్తలు రాగానే, ఏళ్ల తరబడి మా వీధికి తోపుడుబండి మీద పండ్లు తెచ్చే మనిషిని కొత్తగా పేరు అడగడం మొదలైంది. పేరు చెప్పాక కొందరు కొనలేదు. అతను ఏమీ అనలేదు, బండి తిప్పుకుని వెళ్లిపోయాడు. టీవీలో దాన్ని ఎవరూ కోపం అనరు, జాగ్రత్త అంటారు. నా దృష్టిలో ఆ రోజుల్లో ఈ నగరంలో కనిపించిన కోపాలన్నిటిలోనూ నీచమైనది అదే. పైకి వెళ్లే ధైర్యం లేక కిందికి జారిన కోపం.

ఇక్కడ మా మేనమామ గురించి చెప్పాలి. రిటైర్డ్ ఉపాధ్యాయుడు, దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటాడు. మార్చి 30న ప్రభుత్వం జీతాలు, పింఛన్లలో కోత ప్రకటించింది. మంత్రులు, శాసనసభ్యులకు డెబ్బై ఐదు శాతం, ఐఏఎస్, ఐపీఎస్ అధికారులకు అరవై, మిగతా ఉద్యోగులకు సగం, నాలుగో తరగతి ఉద్యోగులకు పది. పింఛనులో సగం. ఒకటో తారీఖుకు రెండు రోజుల ముందు! మామయ్య ఫోనులో అన్న మాట ఇది: "దేశానికి కష్టం వచ్చిందంటే సగమేమిటిరా, మొత్తం తీసుకోమను. అడిగి తీసుకోవాలి గదా. ముందు ఒక మాట చెప్పవద్దా?" పింఛనుదారులు హైకోర్టుకు వెళ్లారు. కోత కోయడానికి మీకు ఏ చట్టం అధికారమిచ్చిందన్న ప్రశ్న వచ్చింది. జూన్‌లో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చుకుంది, అంటే కోత ముందు, చట్టం తర్వాత. మామయ్య కోపానికి కాగితం, కలం, కోర్టు ఉన్నాయి. ఆ వసతి అందరికీ లేదు.

వసతి లేనివారి కోపం ఏప్రిల్ 29న కందిలో కనిపించింది. సంగారెడ్డి జిల్లా కంది దగ్గర ఐఐటీ ప్రాంగణంలో భవనాలు కడుతున్న కూలీలు రెండు వేలకు పైగా ఉండేవారు. ఝార్ఖండ్, బిహార్ వంటి చోట్ల నుంచి వచ్చినవారు. జీతం బకాయి పడింది. ఇంటికి పంపమంటే పంపరు. నెల రోజులు పైగా ఓర్చుకున్నారు. ఆ రోజు ఉదయం రోడ్డు మీదికి వచ్చారు, పోలీసుల మీద రాళ్లు పడ్డాయి, వాహనం ధ్వంసమైంది, పోలీసులు గాయపడ్డారు. టీవీలో రాళ్లు చూపించారు, నెల రోజుల ఓర్పును మాత్రం ఏ కెమెరా చూపించలేదు.

రెండు రోజులు తిరగకుండానే, మే 1 తెల్లవారుజామున లింగంపల్లి స్టేషన్ నుంచి ఝార్ఖండ్‌లోని హటియాకు రైలు బయలుదేరింది. సుమారు పన్నెండు వందల మంది. లాక్‌డౌన్ పెట్టాక దేశంలో వలస కూలీలను ఇంటికి చేర్చిన మొట్టమొదటి ప్రత్యేక రైలు అది. కంది కూలీలు అందులో ఉన్నారు. రాళ్లు రువ్వడం వల్లే రైలు వచ్చిందని నేను అనను. వలస కూలీల ప్రయాణానికి కేంద్రం తలుపు తెరిచింది కూడా ఆ 29వ తేదీనే, బస్సులు చాలవు రైళ్లు కావాలని రాష్ట్రాలు అప్పటికే అడుగుతున్నాయి. రాళ్లు రువ్వడం న్యాయమనీ అనను. కాని మొదటి రైలు ఈ దేశంలో మరే ఊరి నుంచీ కాక లింగంపల్లి నుంచే కదలడం కాకతాళీయం అని ఎవరైనా అంటే, నేను ఒప్పుకోను. మార్చి 22 అర్ధరాత్రి నుంచి బోగీలు ఖాళీగానే ఉన్నాయి. వారికి ఇళ్లున్నాయని, ఆ ఇళ్లలో మనుషులున్నారని గుర్తు చేయడానికి ఆ ఉదయం కావాల్సి వచ్చింది. నెల పాటు ఓర్చినందుకు దక్కింది పన్నెండు కిలోల బియ్యం, అది కూడా లెక్కలో పేరున్నవారికి.

ఇదే నగరం ఎంత వదులుకోగలదో కూడా ఆ ఏడాదే చూశాం. ఏప్రిల్ 25న రంజాన్ మొదలైంది. మక్కా మసీదులో సామూహిక ప్రార్థనలు లేవు, చార్మినార్ చుట్టూ రాత్రి బజారు లేదు. హలీం వండబోమని తయారీదారులు తామే ముందుగా ప్రకటించారు. హైదరాబాద్‌లో హలీం లేని రంజాన్! మతంతో పని లేకుండా ఆ నెలకోసం ఎదురుచూసే నాలాంటివారికే అది వింతగా తోస్తే, బట్టీలు పెట్టి, గోధుమలు కొని, ఆ ఒక్క నెల సంపాదనతో ఏడాది గడుపుకునేవారికి ఎలా ఉంటుందో ఊహించండి. ఆషాఢంలో బోనాలు ఇళ్లలోనే ఎత్తుకున్నారు. ఖైరతాబాద్ గణపతి 2019లో అరవై ఒక్క అడుగులు, 2020లో తొమ్మిది అడుగులు. అంత పెద్ద విగ్రహానికి పేరుపడ్డ పందిట్లో తొమ్మిది అడుగుల దేవుణ్ణి పెట్టి, ధన్వంతరి రూపమని పూజ చేసి, ఊరుకున్నారు. ఎక్కడా రాయి పడలేదు. ఎందుకు పడలేదు? ఆ నిర్ణయాల్లో వారి మనుషులున్నారు. మత పెద్దలతో, ఉత్సవ సంఘాలతో, వ్యాపారులతో వారాల ముందు నుంచి మాట్లాడారు. ఏమి పోతుందో తెలిసి వదులుకున్నారు. హాస్టలు పిల్లవాడితో, కంది కూలీతో అలా మాట్లాడవచ్చని ఎవరికీ తోచలేదు. వారికి సంఘం లేదు, పీఠం మీద కూర్చునే పెద్దమనిషి లేడు, ఇక్కడ ఓటూ లేదు.

నా వాదనకు అడ్డం వచ్చే ఘటన కూడా ఉంది, దాన్ని దాటవేయను. గాంధీ ఆసుపత్రిలో ఏప్రిల్ 1న ఒకసారి, జూన్ 9 రాత్రి మరోసారి, రోగి చనిపోయాడని బంధువులు డాక్టర్ల మీద చేయి చేసుకున్నారు. రెండోసారి జూనియర్ డాక్టర్లు మరునాడు రోడ్డు మీద బైఠాయించారు. రక్షణ కవచాల్లో చెమటతో ఉడికిపోతూ పనిచేసిన పిల్లలను కొట్టడాన్ని ఏ దుఃఖమూ సమర్థించదు. అయితే ఆ డాక్టర్లు అడిగినదేమిటో చూడండి. భద్రతతో పాటు, కోవిడ్ వైద్యాన్ని ఒక్క గాంధీలోనే కుక్కకుండా మిగతా ఆసుపత్రులకూ పంచమన్నారు. అంటే కొట్టినవారి కోపానికి, దెబ్బ తిన్నవారి కోపానికి మూలం ఒకటే. తప్పు మనిషి దొరికాడు. లోపల ఉన్న తమ మనిషి ఎలా ఉన్నాడో బయట ఉన్నవారికి తెలిసే దారి సరిగా లేదు. పరీక్షలు తక్కువగా చేస్తున్నారని, కేసుల లెక్కలు చెప్పే ప్రభుత్వ బులెటిన్‌లో వివరాలు చాలవని హైకోర్టు ఆ వేసవిలో ప్రభుత్వాన్ని మళ్లీ మళ్లీ నిలదీసింది. జూన్ మధ్యలో గాని నగరంలోనూ చుట్టుపక్కలా యాభై వేల పరీక్షలు చేస్తామన్న ప్రకటన రాలేదు. ఎన్ని కేసులున్నాయో నమ్మకంగా తెలియని ఊళ్లో పుకారుకు కాళ్లొస్తాయి, చేతికి అందినవాడే దోషి అవుతాడు.

ఇదంతా అత్యవసర పరిస్థితి, సంప్రదింపులకు తీరికెక్కడిది అనేవారున్నారు. ఈ మాట 1897లోనూ అన్నారు. బొంబాయి ప్లేగు కోసం ఆ ఏడాది తెచ్చిన అంటువ్యాధుల చట్టాన్నే 2020లోనూ ప్రభుత్వాలు బయటికి తీశాయి. నాలుగు సెక్షన్ల చట్టం. అధికారం ఇచ్చే సెక్షన్, శిక్ష వేసే సెక్షన్, అధికారులపై దావా వేయకుండా కాపాడే సెక్షన్ ఉన్నాయి. నష్టపరిహారం అనే మాట ఒక్కసారి వస్తుంది, అదీ ఉంటే గింటే అన్నట్టుగా. ఆ ఏడాదే పుణెలో సోదాల పేరిట సైనికులు ఇళ్లలోకి, వంటగదుల్లోకి, ఆడవారి గదుల్లోకి దూరారు. జూన్ 22న ప్లేగు అధికారి రాండ్‌ను చాపేకర్ సోదరులు కాల్చారు. అక్కడ జనం కోపగించింది ప్లేగు నివారణ మీద కాదు, చెప్పులతో పూజగది తొక్కిన పద్ధతి మీద. (అదే ఏడాది ఆగస్టులో మన బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా జాడ పట్టాడు. ఒకే ఏడాదిలో సైన్సు అంత ముందుకు పోతే, పాలన అక్కడే ఆగింది.) 2020లో ఆ చట్టాన్ని సవరించి వైద్య సిబ్బందిపై దాడికి ఏడేళ్ల దాకా జైలు అని చేర్చారు. చేర్చాల్సిందే. దాంతోపాటు చేర్చదగినవి ఇంకొన్ని ఉండేవి, చేర్చలేదు.

2021 వేసవిలో కథ తలకిందులైంది. రెండో అల వచ్చింది, ఆక్సిజన్ కోసం, పడకల కోసం నగరం అల్లాడింది. ఈసారి మూయమని అడిగింది జనం, కోర్టు. మూయనన్నది ప్రభుత్వం. హైకోర్టు గడువు పెడితే ఏప్రిల్ 20న రాత్రి కర్ఫ్యూ వచ్చింది. పక్క రాష్ట్రం నుంచి రోగులను తెస్తున్న అంబులెన్సులను సరిహద్దులో, కర్నూలు దగ్గర పుల్లూరులో ఆపారు. మళ్లీ కోర్టే స్టే ఇచ్చింది. గరికపాడులో పిల్లలను ఆంధ్ర పోలీసులు ఆపితే, పుల్లూరులో రోగులను తెలంగాణ పోలీసులు ఆపారు. ఏడాదిలో రెండు ప్రభుత్వాలూ వంతులు మార్చుకున్నాయి, రోడ్డు మీద నిలబడ్డవారు మాత్రం మళ్లీ మామూలు మనుషులే.

మే మొదటి వారంలో కూడా లాక్‌డౌన్ ఉండదనే ప్రభుత్వం చెప్పింది. మే 11 మధ్యాహ్నం మంత్రివర్గం కూర్చుంది, మరునాడు ఉదయం పదింటి నుంచి లాక్‌డౌన్ అన్నారు. ప్రకటన రాగానే మద్యం దుకాణాల ముందు వరసలు కట్టారని టీవీలు పడీపడీ నవ్వాయి. వలస కూలీలు మాత్రం ఆ ప్రకటన కోసం ఆగలేదు. ఏప్రిల్ నుంచే, లాక్‌డౌన్ లేదని ప్రభుత్వం చెబుతున్న రోజుల్లోనే, మూటలు కట్టుకుని సికింద్రాబాద్ స్టేషన్‌కు చేరి దొరికిన రైలెక్కి వెళ్లిపోయారు. ఈసారి ఎవరూ రాళ్లు వేయలేదు. లాక్‌డౌన్ రాదన్న మాటను వారు నమ్మలేదు, అంతే.